పాత చేనేత సంఘం బిల్డింగ్‌లో మగ్గాలు, అద్దకం పెట్టాలంటే ముందు ఏం చూడాలి

చెల్లీ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజాం దగ్గర మీ ఊళ్లో ఏళ్ల తరబడి మూతబడి ఉన్న చేనేత సంఘం బిల్డింగ్‌ని ఊళ్లోవాళ్లు, బయట స్థిరపడినవాళ్లు చందాలు వేసుకుని పంచాయతీ సాయంతో బాగు చేయించారు. నలభై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు హాలు, పక్కన రెండు గదులు, ముందు అరుగు, వెనక బావి, పైన బెంగుళూరు పెంకు. అందులో నాలుగు మగ్గాలు, సహజ రంగుల అద్దకం, శని ఆదివారాలు క్లాసులు పెట్టాలని మీ ఆలోచన. ఫోటోలు, మ్యాప్, ఖర్చుల లిస్టు పంపి, చేతిలో ఆరు లక్షలున్నాయి, దేనితో మొదలుపెట్టాలి అన్నారు. నేను పొందూరు వైపు ఒక ఊళ్లో పాత చావడిలో 2012 నుంచి మగ్గాలు, అద్దకం నడుపుతున్నాను కాబట్టి ఇందులో చాలావరకు నేను పడి లేచినవే చెప్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొట్టమొదట మగ్గాల సంగతి పక్కన పెట్టి, ఆ బిల్డింగ్ కాగితాల మీద ఎవరిదో తేల్చుకోండి. మీరు "పంచాయతీ బిల్డింగ్" అని రాశారు. కానీ అది చేనేత సహకార సంఘానిదైతే, సంఘం పని చేయకపోయినా, సభ్యులు సగం మంది చనిపోయినా, స్థలం పంచాయతీది అయిపోదు. సంఘాన్ని అధికారికంగా రద్దు చేశారా, లిక్విడేషన్‌లో (ఆస్తులు, అప్పులు తేల్చి మూసేసే దశలో) ఉందా, ఆస్తి ఎవరి ఆధీనంలో ఉంది అనేది జిల్లా చేనేత జౌళి శాఖ ఆఫీసులో ఫైలు తీయిస్తే గానీ తెలీదు. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. రాజాం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. పాత ఫైలు ఏ ఊళ్లో ఉందో ముందే కనుక్కుని వెళ్లండి, లేకపోతే రెండు ఆఫీసుల మధ్య నెల రోజులు తిరుగుతారు. బాగు చేయించడానికి పంచాయతీ డబ్బు పెట్టింది కదా అని అదే హక్కు అనుకోకండి, రేపు ఎవరో పాత సభ్యుడి మనవడు వచ్చి "మా తాతల సంఘం ఇది" అంటే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండాలి.

హక్కుదారు ఎవరో తేలాక లీజు. పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుందాం అని అందరూ అంటారు, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోడానికి. మీరు నేల తవ్వి మగ్గం గుంటలు వేస్తారు, నీళ్ల తొట్టెలు కడతారు, అవి పదకొండు నెలల పనులు కావు. కనీసం ఐదేళ్లకి రాయించుకుని రిజిస్టర్ చేయించండి. సర్పంచి మంచివాడు, మాట ఇచ్చాడు అంటారు, నిజమే, కానీ ఐదేళ్లకోసారి పంచాయతీ మారుతుంది. తీర్మానం కాపీ, కార్యదర్శి సంతకం, సీలుతో మీ ఫైల్లో ఉండాలి. లీజు మీ సొంత పేరు మీద కాకుండా సొసైటీ పేరు మీద తీసుకోండి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఆ ఏడుగురిలో ఇద్దరైనా ఊళ్లోనే ఉండే నేతగాళ్లు ఉండేలా చూడండి.

ఇప్పుడు అరుగు. మీరు మ్యాప్‌లో అరుగుని "డిస్‌ప్లే, బిల్లింగ్ కౌంటర్" అని గుర్తు పెట్టారు. దయచేసి అది మార్చండి.

మేము చావడి తీసుకున్న మొదటి ఏడాది చేసిన పని అదే. అరుగుకి ఇనుప గ్రిల్ పెట్టించి, లోపల చీరలు వేలాడదీసి, సాయంత్రం తాళం వేసి వెళ్లిపోయేవాళ్లం. అంతకుముందు ఆ అరుగు మీద పొద్దున పాలు పోసేవాళ్లు ఆగేవారు, మధ్యాహ్నం ముసలివాళ్లు నడుం వాల్చేవారు, బస్సు ఆలస్యమైతే ఆడపిల్లలు కూర్చునేవారు. గ్రిల్ పెట్టాక ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి అంతా బాగానే ఉందనుకున్నాం. ఆరు నెలలకి మా బోరు పైపు పగిలింది, గోడ మీద ఎవరో పేడ కొట్టారు, పంచాయతీకి మా మీద అర్జీ వెళ్లింది, మేము రంగునీళ్లతో చెరువు పాడు చేస్తున్నామని. అప్పుడు మా వీధి పెద్దాయన ఒకాయన ఇంటికి వచ్చి చెప్పాడు: "మాం కూకోడానికి నాలుగు మూరల అరుగు ఉంచండమ్మా, మిగిలిందంతా మీరే ఏలుకోండి." ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే గ్రిల్ తీయించి, అదే ఇనుముతో లోపల నూలు ర్యాకు చేయించాం. అరుగు మీద ఒక కుండలో మంచినీళ్లు, ఒక లైటు పెట్టాం. ఆ తర్వాత ఈ రోజు వరకు మా సామాను ఒక్కటి పోలేదు, తుఫాను రాత్రి మా కన్నా ముందు ఊళ్లోవాళ్లే పరిగెత్తుకొచ్చారు.

అందుకే చెప్తున్నాను, ఊరు చందాలు వేసుకుని బాగు చేసుకుంది మీ స్టూడియో కోసం మాత్రమే కాదు, వాళ్ల బిల్డింగ్ మళ్లీ తెరుచుకుంటుందని. అక్కడ ఇంతకుముందు జరిగే పనులేవో, పెన్షన్ పంపకమో, గ్రామసభో, దసరాకి భజనో, ఒక కాగితం మీద రాసుకుని అవి ఎక్కడ, ఏ రోజు జరుగుతాయో ముందే చోటు ఉంచండి. మీ లీజులో కూడా రాయించండి, "అరుగు ఊరి వాడకానికి" అని. అమ్మకానికి పక్క గది చాలు. కొనేవాళ్లు లోపలికి వచ్చి మగ్గం చూసి కొంటారు, అరుగు మీద చూసి కాదు.

గోడల దగ్గరికి వస్తాను, ఇది మీరు వెంటనే చూసుకోవాల్సింది. మీ ఫోటోల్లో హాలు గోడలకి కింద నాలుగడుగుల వరకు కొత్తగా నున్నటి సిమెంటు ప్లాస్టరింగ్ కనిపిస్తోంది. బాగు చేసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే చేయించి ఉంటారు, గట్టిగా ఉంటుందని. కానీ ఆ కాలం గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి, వాటికి కింద డీపీసీ (చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద వేసే పొర) ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నం గోడ దాన్ని మెల్లగా బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. చెమ్మ దారి దొరక్క ఇంకా పైకి ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట ఉప్పుని తీసుకొచ్చి బయట పెడుతుంది. మా దగ్గర సరిగ్గా రెండో వానాకాలానికి నాలుగున్నర అడుగుల ఎత్తున గోడంతా తెల్లటి నూగులా వచ్చింది. వేలితో రాస్తే పిండిలా రాలేది, నాలుకకి తగిలిస్తే ఉప్పగా ఉండేది. ఆ గోడకి ఆనించి పెట్టిన నూలు చిలపలకి (కట్టలకి) అదే పిండి అంటుకుని, రంగులో వేస్తే మచ్చలు మచ్చలుగా వచ్చింది. కారణం తెలియక మొదట పటికని, తర్వాత నీళ్లని అనుమానించాం.

కాబట్టి ఈ వానాకాలం లోపే ఆ సిమెంటు పొరని జాగ్రత్తగా తీయించండి. సుత్తి బలంగా కొడితే ఇటుక మొహం ఊడొస్తుంది, అందుకని పాత మేస్త్రీని పెట్టుకోండి. తీశాక రెండు మూడు నెలలు గోడని ఆరనిచ్చి సున్నం, ఇసుక, ఇటుక పొడితో మళ్లీ పూయించాలి. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీలు మన జిల్లాల్లో తక్కువైపోయారు గానీ లేకుండా పోలేదు, పాత గుళ్లకి పని చేసేవాళ్లని అడగండి. ఆ సున్నంలో వాళ్లు బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. మీరు చూస్తే ఆశ్చర్యపోతారు, నీలి తొట్టి పులియబెట్టడానికి మనం వాడేది సున్నం, బెల్లమే, నూలుకి రంగు పట్టడానికి ముందు నానబెట్టేది కరక్కాయలోనే. మా గోడ పూత జరిగినప్పుడు మేస్త్రీ, మా అద్దకం చేసే ఆవిడ ఒకే బస్తాలోంచి కరక్కాయలు పంచుకున్నారు. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు వేయొద్దు, సున్నం వెల్లే వేయండి, చెమ్మ ఆడుతుంది, గది వెలుతురుగా ఉంటుంది, ఏటా ఊళ్లోవాళ్లే వేసుకోవచ్చు.

మగ్గాలు. నాలుగూ గుంట మగ్గాలే వేస్తామన్నారు. సన్న నూలు నేసేటప్పుడు గుంట మగ్గం మంచిదే, నేల చల్లదనానికి పోగు తెగదు, ఏప్రిల్, మే నెలల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ మీకు హాలు వెనకే బావి ఉంది. గుంట తవ్వే ముందు శ్రావణ, భాద్రపద మాసాల్లో ఆ బావిలో నీళ్లు నేలకి ఎన్ని అడుగుల దాకా వస్తాయో చుట్టుపక్కల వాళ్లని అడగండి. గుంట రెండున్నర అడుగులైనా ఉంటుంది. బావి నీళ్లు నేలకి రెండు మూడు అడుగుల కింది దాకా పైకి వచ్చే చోటైతే గుంటలోకి ఊట దిగుతుంది, నేతగాడు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోలేడు, వానాకాలం మూడు నెలలు మగ్గం ఖాళీ. మన దగ్గర ఎన్నో నేత ఇళ్లలో వానాకాలం పని ఆగిపోయేది ఇందుకే. నేనైతే ఒక గుంట మగ్గం, ఒక ఫ్రేమ్ మగ్గంతో మొదలుపెట్టమంటాను. ఫ్రేమ్ మగ్గం నేల మీదే ఉంటుంది, బోల్టులు విప్పితే వేరే చోటికి మారుతుంది, రేపు గ్రామసభకి హాలు కావాలంటే జరపొచ్చు. వేసవిలో దాని కింద తడి గోనెలు పరిస్తే చాలావరకు సరిపోతుంది. గుంట మాత్రం గోడకి ఐదడుగుల లోపల తవ్వకండి, పాత గోడల పునాది ఎంత లోతుందో ఎవరికీ తెలీదు.

ఒక్కో మగ్గానికి మనిషి తిరగడానికి కూడా కలిపి ఎనిమిది అడుగులు, పది అడుగులు వేసుకోండి. ఆ లెక్కన మీ హాల్లో నాలుగు పడతాయి గానీ ఆసుకి (పోగులు వరసగా చుట్టే చట్రానికి), కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టే చోటుకి, నేర్చుకునేవాళ్లు నిలబడటానికి జాగా మిగలదు. పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులకి, గంజి పెట్టడం అసలు హాల్లో కుదరదు. నాలుగు చీరల పడుగంటే ఇరవై రెండు మీటర్ల పైమాటే, దాన్ని వీధి పొడవునా కర్రల మీద చాపి తెల్లవారుజామున కుంచెలతో దువ్వాలి, ఎండ ఎక్కేలోపు అయిపోవాలి. మీ బిల్డింగ్ ముందు వీధి అంత పొడవు ఖాళీగా దొరుకుతుందా, ఆ టైంలో ట్రాక్టర్లు తిరుగుతాయా, చూసుకోండి. ఇక్కడ కూడా ఊరితో మాటే అవసరం.

వెలుతురు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. సంఘం బిల్డింగులు మనుషులు నిలబడి, కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకోవడానికి కట్టినవి. కిటికీ గట్టు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. గుంట మగ్గంలో నేతగాడు నేల మట్టానికి కూర్చుంటాడు, కిటికీ వెలుతురు అతని తల మీంచి వెళ్లిపోతుంది, పోగు మీద పడదు. మా నానమ్మ పొందూరు పద్ధతిలో వడికేది. పత్తి గింజ మీద దూదిని వాలుగ చేప దవడతో దువ్వేది, ఆ దవడ పళ్లు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి, వేలితో తడిమితే గరుగ్గా తెలుస్తాయి. ఎండలో అయితే దూది ఎగిరిపోతుంది, చీకట్లో అయితే నలుసు కనపడదు, అందుకని ఎప్పుడూ వీధి గుమ్మానికి ఒక మూర లోపల, ఒకే చోట కూర్చునేది. ఆవిడ పోయాక చూస్తే ఆ చోట గచ్చు నున్నగా అరిగిపోయి ఉంది. పని చేసే మనిషి ఒంటికి, కంటికి ఏ చోటు సరిపోతుందో అక్కడ మగ్గం పెట్టాలి గానీ ఫోటోలో బాగుంటుందని మధ్యలో పెట్టకూడదు. మీరు చేయగలిగింది, ఒక్కో మగ్గం మీద ఉత్తరం వాలులో రెండేసి గాజు పెంకులు వేయించడం. దక్షిణం వాలులో వేస్తే ఎండ నేరుగా పడి నూలు రంగు పోతుంది, నేతగాడికి కళ్లు జిగేల్‌మంటాయి. ఖర్చు తక్కువ, గోడ పగలగొట్టే పని లేదు, వద్దనుకుంటే తీసి మామూలు పెంకు వేసుకోవచ్చు.

పెంకు అంటే కోతులు, గాలి. కోతులకి నా దగ్గర పూర్తి మందు లేదు, విరిగిన పెంకులు మార్చడానికి ఒక వంద పెంకులు ఎప్పుడూ స్టాకు ఉంచుకోవడం తప్ప. గాలికి మాత్రం ముందే చేయొచ్చు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను రోజు, ఆదివారం. దీపావళి ఇంకా పదకొండు రోజులుంది, ఆర్డర్లు పూర్తి చేయాలని రెండు మగ్గాల మీదా పడుగు ఎక్కించి ఉంది. గాలికి చూరు వరసల పెంకులు ముందు లేచాయి, ఆ సందులోంచి గాలి దూరి మధ్య పెంకుల్ని లోపలి నుంచి ఎత్తేసింది. పడుగు రెండూ తడిసి, గంజి పులిసి, నల్లటి బూజు పట్టి పాడైపోయాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు. ఆ తర్వాత చూరు వెంట మూడు వరసలు, నడికొప్పు పక్క రెండు వరసలు జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన) తీగతో పట్టీలకి కట్టించాం, చూరు అంచు సున్నంతో బిగించాం. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు దాని దెబ్బంతా పలాస, వజ్రపుకొత్తూరు వైపు పడింది, మాకు తగిలింది తక్కువే, అయినా ఒక్క పెంకు కదల్లేదు. అక్టోబర్ మొదటి వారం వచ్చిందంటే మేము నేసిన గుడ్డ ఏదీ నేల మీద, గోడ పక్కన ఉంచం, రేకు పెట్టెల్లోకి ఎక్కించేస్తాం. మీరు కూడా అలవాటు చేసుకోండి, మన దగ్గర పండగ ఆర్డర్లు, తుఫానులు ఒకే నెలలో వస్తాయి.

అద్దకానికి అన్నిటికన్నా ముందు నీళ్లు. మీ బావి నీళ్లలో ఇనుము ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఒక గాజు గ్లాసులో బావి నీళ్లు, ఇంకో గ్లాసులో వాన నీళ్లు తీసుకుని రెండిట్లోనూ చిటికెడు కరక్కాయ పొడి వేసి పావుగంట ఆగండి. వాన నీళ్ల గ్లాసు లేత పసుపు గోధుమ రంగులో ఉంటుంది. బావి గ్లాసు బూడిద రంగుకో నలుపుకో తిరిగితే ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్లతో టీ పెట్టినా నల్లగా తిరుగుతుంది, ఊళ్లో ఆడవాళ్లని అడిగితే ఏ బోరు టీకి పనికొస్తుంది, ఏది పనికిరాదు అని టకటకా చెప్పేస్తారు, వాళ్ల మాట నమ్మండి. ఇనుము ఉన్న నీళ్లలో దానిమ్మ తొక్క పసుపు పాచి రంగులోకి పోతుంది, మంజిష్ఠ ఎరుపు మట్టి రంగు అయిపోతుంది. ఎంత మంచి సరుకు కొన్నా లాభం లేదు.

పరిమాణం కూడా లెక్క వేసుకోండి. కిలో నూలుకి ఒక్కో తొట్టికి ఇరవై లీటర్లన్నా కావాలి. ఉడకబెట్టి మైనం వదిలించడం, కరక్కాయ, పటిక, రంగు, పైన రెండు మూడు కడుగుళ్లు కలిపితే కిలోకి నూట ఇరవై, నూట నలభై లీటర్లు అవుతుంది. వారానికి పది కిలోలు అద్దితే వెయ్యి లీటర్లు పైనే. మీకు పెంకు కప్పు ఉంది కదా, వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే రెండు వేల లీటర్ల పైనే నీళ్లు వస్తాయి. చూరు కింద తూము కట్టి, మొదటి వాన వదిలేసి, తర్వాతది ట్యాంకులోకి పట్టండి. వాన నీళ్లు ఎర్ర రంగులకి, పసుపుకి దాచుకుని, బావి నీళ్లు నలుపుకి వాడుకోవచ్చు. నలుపుకి ఎటూ తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లే కావాలి.

అద్దకం హాల్లో వద్దు, గదుల్లో కూడా వద్దు. ఆవిరి పెంకు కింద చెక్కకి తగిలి వాసాలు నల్లబడతాయి, చెదలకి ఆ తడి చాలు. బిల్డింగ్ వెనక, గోడకి ఆరేడు అడుగుల దూరంలో విడిగా రేకుల చిన్న షెడ్డు వేసుకోండి, పొయ్యిలు అక్కడే. నీలి తొట్టి మాత్రం గాలి తగలని మూల పెట్టండి, పుష్య మాసం చలికి అది నిద్రపోతుంది, చుట్టూ గడ్డి కప్పాలి. మిగిలిన నీళ్లు బావి వైపు గానీ, పశువులు తాగే చెరువులోకి గానీ వదలొద్దు. మూడు గదుల తొట్టి కట్టి, రెండింటిలో మడ్డి పేరుకున్నాక మూడో దాంట్లోంచి ఇంకుడు గుంటకి పంపండి, ఆ ఇంకుడు గుంట బావికి వీలైనంత దూరంగా, పల్లంలో ఉండాలి. రంగు గట్టిగా పట్టాలని ఎవరైనా బైక్రోమేట్ అనే రసాయనం వేయమంటే ససేమిరా ఒప్పుకోకండి, అది విషం. పటిక, ఇనుము రెండూ చాలు. మా మీద అర్జీ వెళ్లినప్పుడు మమ్మల్ని కాపాడింది ఈ తొట్టే, వచ్చిన ఆఫీసరుకి మూడో గదిలో నీళ్లు గ్లాసులో పట్టి చూపించాం.

బొబ్బిలి వీణ నమూనాలు, బుడితి ఇత్తడి పని కూడా అదే చోట పెడదామా అన్నారు. ఉద్దేశం మంచిదే గానీ నా ఓటు వద్దనే. బుడితి పనికి కొలిమి కావాలి, కరిగించిన లోహం పోయాలి, పెంకు కింద, దూది పక్కన ఆ నిప్పు పెట్టకూడదు. గొల్లపల్లిలో వీణలవాళ్లు పనస దుంగ తొలిచేటప్పుడు లేచే పొట్టు మీ గంజి పడుగు మీద పడిందంటే ఒక్కో పోగు నుంచి ఏరుకోవాలి. వాళ్ల సరుకు తెచ్చి అమ్మకానికి పెట్టండి, నెలకోసారి వాళ్లని పిలిచి మాట్లాడించండి. వాళ్ల పని చోటు వాళ్ల ఊళ్లోనే ఉంది, అక్కడ అది బతకాలి.

కరెంటు: పాత మీటరు పంచాయతీ పేరున ఉంటే విడిగా మీటరు తీసుకోండి. గోడలు చెక్కి పైపులు పెట్టనివ్వకండి, బయట నుంచే కేసింగ్ వైరింగ్. ఎర్తింగ్ కొత్తది వేయించి, షాక్ కొడితే కట్ అయ్యే ఆర్‌సీసీబీ పెట్టించండి, తడి చేతులతో పని చేసే చోటు. ఎలుకలు గంజి వాసనకి వస్తాయి, పడుగు ఎప్పుడూ నేలకి ఆనకుండా వేలాడదీయండి.

ఖర్చు. మీ లిస్టులో మొదటి ఐటెం "ఇంటీరియర్స్, లైటింగ్, లక్షన్నర". అక్కడ నేను టాయిలెట్ అని రాస్తాను. ఆడవాళ్లకి విడిగా, నీళ్లతో, లోపల గడియతో. మా దగ్గర మొదటి ఏడాది లేదు. కండెలు చుట్టే ఆవిడ ఒకావిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగేది కాదు, ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేది. మూత్రంలో మంట వచ్చి ఆస్పత్రిలో చేరాక అసలు సంగతి తెలిసింది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధే. టాయిలెట్, నీళ్లు, కప్పు, గోడ, ఈ నాలుగూ అయ్యాకే మగ్గాలు, అవీ రెండే. ఎందుకంటే మగ్గం కొన్నంత మాత్రాన అయిపోదు, దాని మీద నూలు ఎక్కాలి, నేతగాడికి కూలి వారం వారం ఇవ్వాలి, చీర అమ్ముడై డబ్బు మీ చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆరు లక్షల్లో లక్షన్నర అయినా నూలుకి, కూలికి అని పక్కన పెట్టి, దాన్ని దేనికీ ముట్టుకోకండి. బిల్డింగ్ అద్దంలా చేసి నూలు కొనడానికి డబ్బుల్లేక మూతపడిన చోట్లు నేను చూశాను.

పీఎం విశ్వకర్మ, చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన స్కీమ్, గురించి అడిగారు. 2023లో మొదలైన ఆ స్కీమ్‌లో పద్దెనిమిది వృత్తులున్నాయి, అందులో చేనేత లేదు. కుమ్మరి, బుట్టలు చాపలు అల్లేవాళ్లు, దర్జీ ఉన్నారు, వాళ్లకి పనిముట్ల కోసం పదిహేను వేల దాకా వస్తుంది. మీ దగ్గర కుట్టుపనికి వచ్చేవాళ్లుంటే వాళ్ల చేత అప్లై చేయించండి. నేతవాళ్లకి చేనేత శాఖ గుర్తింపు కార్డు ఉందో లేదో చూడండి, లేకపోతే ముందు అది, దాని తర్వాతే అప్పు, నూలు రాయితీ మాటలన్నీ.

క్లాసుల గురించి ఒక్క విషయం. మీ ఊళ్లో ఇంకా నేత తెలిసిన పెద్దాయన ఒకరున్నారని, ఆయన చేత నేర్పిస్తామని రాశారు. నేతగాడికి గజానికో చీరకో లెక్క కట్టి కూలి వస్తుంది. నేర్పుతూ కూర్చున్న రోజు ఆయన నేయడు, కాబట్టి ఆ రోజు ఆయనకి ఆదాయం లేదు. "మన కళ కదా, నేర్పండి మావయ్యా" అని మొహమాటపెట్టి ఊరికే చేయించుకోకండి. నేసినరోజు వచ్చే దానికన్నా ఎక్కువే రోజు కూలి ఇవ్వండి, ఫీజులోంచి ముందు తీసి పెట్టేది అదే కావాలి. ఒక బ్యాచ్‌కి నలుగురికి మించొద్దు, రెండు మగ్గాల మీద అంతకన్నా ఎక్కువమంది చేతులు పెట్టలేరు. మొదటి రోజే మగ్గం ఎక్కించకుండా కండెలు చుట్టడం, తెగిన పోగు ముడి వేయడం నేర్పండి, ఓపిక ఉన్నవాళ్లు ఆ రోజే తెలిసిపోతారు.

ఈ నెలలో మీరు చేయాల్సినవి ఇవే. చేనేత శాఖ ఆఫీసులో సంఘం ఫైలు సంగతి కనుక్కోండి, కరక్కాయ గ్లాసుల పరీక్ష చేయండి. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీయండి, బావిలో నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నాయో తాడుతో కొలిచి రాయండి, హాల్లో ఉత్తరం ఎటుందో చూపిస్తూ ఒక చిన్న బొమ్మ గీసి పెట్టండి. అవి చూసి గుంట మగ్గం ఏ చోట తవ్వొచ్చో, అసలు తవ్వొచ్చో లేదో చెప్తాను. అప్పటిదాకా నేల మీద గునపం వేయకండి.